కారు మీద గీత పడితే ఫొటో ఉంటుంది.. కారులో బ్యాగు ఉండిపోతే దిక్కెవరు?

సెల్ఫ్ డ్రైవ్ కారు ఒక్కసారి అద్దెకు తీసుకున్నా ఈ తతంగం గుర్తుండిపోతుంది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కారు దగ్గరికి వెళ్లి యాప్ ఓపెన్ చేస్తాం. ముందు, వెనక, కుడి, ఎడమ ఫొటోలు తీయమంటుంది. బంపర్ మీద గీత ఉంటే దగ్గర్నుంచి ఇంకో ఫొటో. మీటర్ రీడింగ్, పెట్రోల్ ఎంతుందో కూడా ఫొటో. మన లైసెన్సు ముందే అప్‌లోడ్ అయి ఉంటుంది. కారు తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ అవే ఫొటోలు, అదే వరుస.

ఈ ఫొటోల్లో ఎక్కువ భాగం కారు కోసమే. మన కోసం తీయమనే ఫొటో దాదాపు ఉండదు. సీట్ల కింద చూశారా, డిక్కీ తెరిచారా, చార్జింగ్ ప్యాడ్ మీద ఫోన్ ఉందా అని చాలా యాప్‌లు అడగవు. "ట్రిప్ ముగించు" బటన్ నొక్కగానే తాళం పడుతుంది, కారు మనది కాదు. లోపల మన వస్తువు ఉండిపోతే అప్పట్నుంచి అది ఎవరి బాధ్యత? ఈ ప్రశ్నకు మన దగ్గర సరైన జవాబు లేదని, ఉండి తీరాలని నా అభిప్రాయం. ఆ జవాబు చెప్పాల్సింది మన జ్ఞాపకశక్తి కాదు, ఆ యాప్.

అద్దం అవతల మోగిన ఫోన్

మాది సిర్గాపూర్. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ డివిజన్‌లో మండల కేంద్రం. హైదరాబాద్ నుంచి నూరు కిలోమీటర్లు దాటుతుంది, మా దిక్కుకు రైలు లేదు. పెళ్లికో దినానికో పదిమంది రావాలంటే ఆర్టీసీ బస్సు, లేదంటే అద్దె కారు. ఈమధ్య డ్రైవర్ బత్తా ఎందుకని పిల్లలంతా సెల్ఫ్ డ్రైవ్ వైపే పోతున్నారు.

మా బావ అలాగే రెండు రోజులకు కారు బుక్ చేసి పెళ్లికి వచ్చాడు. తిరిగి వెళ్లాక రాత్రి హైదరాబాద్‌లో చెప్పిన పార్కింగ్ స్థలంలో కారు పెట్టి, ఫొటోలన్నీ తీసి, ట్రిప్ ముగించాడు. ఇంటికి పోయి సామాను దించుకుంటుంటే అత్తమ్మ చేతిసంచి కనిపించలేదు. అందులో రెండు తులాల గుండ్ల దండ ఉన్న డబ్బీ, ఆమె పాత ఫోన్. పట్టా పాసుపుస్తకం ఫొటోలు, చనిపోయిన మామయ్య వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు ఆ ఫోన్‌లోనే ఉన్నాయి.

నలభై నిమిషాల్లో బావ మళ్లీ అక్కడికి పోయాడు. కారు అక్కడే ఉంది. ఆ పాత ఫోన్‌కు రింగ్ చేస్తే డ్రైవర్ వెనక సీటు కింద మోగడం అద్దంలోంచి వినిపిస్తోంది. కానీ యాప్‌లో అన్‌లాక్ బటన్ లేదు, ట్రిప్ అయిపోయిందిగా. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే టికెట్ రైజ్ చేశాం, ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటల్లో మా టీమ్ మాట్లాడుతుందన్నారు. కారు ముందే నిలబడి ఉన్నా సార్, ఒక్క నిమిషం తెరవండి, మీరే వీడియో కాల్‌లో చూడండి అని బావ బతిమాలాడు. రూల్ ఒప్పుకోదన్నారు. తెల్లారేసరికి కారు తర్వాతి బుకింగ్ మీద వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు ఫోన్ దొరికింది. దండ దొరకలేదు. ఎవరు తీశారో మాకు తెలియదు, అందుకే ఎవరి మీదా నింద వేయను. కంపెనీ చివరగా పంపిన మెయిల్‌లో ఒకటే వాక్యం: వాహనంలో వదిలిన వస్తువులకు మేము బాధ్యులం కాము, మీరు ఒప్పుకున్న షరతులు చూడగలరు. అత్తమ్మ మాత్రం ఒక మాటంది: "బస్సుల మర్చిపోయినా డిపోల అడిగేటోళ్లం గద బిడ్డా. గీ కారుకు డిపో యాడుంది?"

ఆ మాటలోనే అసలు విషయం ఉంది.

కారుకు డిపో ఎక్కడ?

ఆర్టీసీ బస్సులో ఏదైనా మర్చిపోతే టికెట్ మీద డిపో పేరు ఉంటుంది, కండక్టర్ ఉంటాడు, డిపోలో అడగడానికి ఒక మనిషి ఉంటాడు. రైల్లో అయితే 139కి ఫోన్ చేయొచ్చు. ప్రయాణికులు వదిలిన సామాను తిరిగి ఇప్పించడానికి రైల్వే రక్షణ దళం "ఆపరేషన్ అమానత్" పేరుతో ప్రత్యేకంగా పనిచేస్తోంది, దొరికిన వస్తువుల వివరాలను రైల్వే జోన్లు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. విమానాశ్రయాల్లో భద్రత చూసే సీఐఎస్ఎఫ్ కూడా దొరికిన వస్తువుల జాబితాను విమానాశ్రయం వారీగా ఆన్‌లైన్‌లో ఉంచుతుంది.

ఇప్పుడు తేడా చూడండి. బస్సులో ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో ఆర్టీసీకి తెలియదు. జనరల్ బోగీలో ఎవరు ఎక్కారో రైల్వేకు తెలియదు. సెల్ఫ్ డ్రైవ్ కంపెనీకి మాత్రం అన్నీ తెలుసు. ఏ కారు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎవరి దగ్గర ఉంది, అతని లైసెన్సు, ఫోన్ నంబరు, కారు తిరిగిన దారి. మనుషుల గురించి ఏమీ తెలియనివాళ్ల దగ్గర పోయిన వస్తువుకు ఒక పద్ధతి ఉంది. అన్నీ తెలిసినవాళ్ల దగ్గరేమో ఒక షరతు ఉంది.

వాహనం రికార్డు ఎంత పనికొస్తుందో చెప్పే ఉదంతం ఒకటి ప్రపంచమంతా తెలిసిందే. 1999 అక్టోబరులో ప్రసిద్ధ చెల్లో వాద్యకారుడు యో యో మా న్యూయార్క్‌లో టాక్సీ దిగి వెళ్లిపోయారు. 1733లో వెనిస్‌లో తయారైన ఆయన చెల్లో డిక్కీలోనే ఉండిపోయింది. దాని విలువ సుమారు 25 లక్షల డాలర్లు. ఆయన దగ్గర టాక్సీ రసీదు ఉంది. దాని ఆధారంగా పోలీసులు ఆ టాక్సీని ఒక గ్యారేజీలో పట్టుకున్నారు. చెల్లో అదే రోజు దొరికింది, ఆ సాయంత్రం కచేరీ కూడా జరిగింది. అప్పుడు స్మార్ట్‌ఫోన్ లేదు, ట్రాకర్ ట్యాగ్ లేదు. ఉన్నదల్లా ఒక కాగితం ముక్క, వెంటనే కదిలిన మనుషులు. మన దగ్గర ఇప్పుడు జీపీఎస్ ఉంది. కదిలే మనిషే లేడు.

ట్యాగ్ పెట్టుకుంటే సరిపోదా?

గ్యాడ్జెట్లు ఇష్టపడేవాళ్లు వెంటనే అడిగేది ఇదే. ఒక ట్యాగ్ కొని సంచిలో వేస్తే అయిపోయేది కదా అని. ట్యాగ్ మంచిదే, నేనూ వేసుకోమనే చెప్తాను. కానీ అది ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకొని కొనాలి.

2021లో వచ్చిన యాపిల్ ఎయిర్‌ట్యాగ్ అయినా, శామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్ అయినా, గూగుల్ నెట్‌వర్క్‌తో పనిచేసే ట్యాగ్‌లు అయినా లోపల జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. బ్లూటూత్ సిగ్నల్ పంపుతాయి. పక్క నుంచి వెళ్లే ఎవరిదో ఫోన్ ఆ సిగ్నల్‌ను పట్టుకొని, తన లొకేషన్‌ను కలిపి మీకు చేరవేస్తుంది. అంటే ట్యాగ్ బలం మొత్తం చుట్టూ ఉన్న ఫోన్లలోనే ఉంటుంది.

ఎయిర్‌ట్యాగ్‌కు యాపిల్ పరికరాలు కావాలి. శామ్‌సంగ్ ట్యాగ్‌కు గెలాక్సీ ఫోన్లు కావాలి. గచ్చిబౌలిలో ఈ బాధ లేదు. సిర్గాపూర్‌లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి, కారు ఊరి బయట పొలం గట్టున ఆగితే ఎయిర్‌ట్యాగ్ గంటల తరబడి కబురు లేకుండా ఉండొచ్చు. మరి ఆండ్రాయిడ్ నెట్‌వర్క్? దాన్ని గూగుల్ 2024లో మొదలుపెట్టింది, ఇప్పుడు పేరు ఫైండ్ హబ్. అందులో ఒక సెట్టింగ్ ఉంది. మామూలుగా అది "రద్దీ ప్రాంతాల్లో మాత్రమే" అని ఉంటుంది. ప్రైవసీ కోసం, కొన్ని ఫోన్లు కలిసి పట్టుకుంటేనే లొకేషన్ చూపిస్తుంది. మా ఊరి రోడ్డు మీద అన్ని ఫోన్లు ఒకేసారి ఎప్పుడో గాని కనపడవు. సెట్టింగ్స్‌లో గూగుల్ విభాగంలోకి వెళ్లి, ఫైండ్ హబ్‌లో దీన్ని "అన్ని ప్రాంతాల్లో" అని మార్చుకోవచ్చు. మనం ఒక్కరం మారిస్తే చాలదు, ఊళ్లో నలుగురూ మారిస్తేనే ఫలితం.

ఇంకో సంగతి. మీ ట్యాగ్ తర్వాతి కస్టమర్‌తో పాటు తిరుగుతుంటే అతని ఫోన్‌కు "తెలియని ట్రాకర్ మీతో వస్తోంది" అని హెచ్చరిక వెళ్లే అవకాశం ఉంది. యాపిల్, గూగుల్ కలిసి 2024 మే నుంచి రెండు రకాల ఫోన్లలోనూ దీన్ని తెచ్చాయి. ఎవరూ మనల్ని దొంగచాటుగా వెంటాడకుండా పెట్టిన మంచి ఏర్పాటు అది. అయితే ఆ హెచ్చరిక చూసి అతను భయపడి బ్యాటరీ తీసేయొచ్చు కూడా. అందుకే వస్తువు పోయిందని తెలిసిన నిమిషమే యాప్‌లో "లాస్ట్" అని మార్క్ చేసి మీ నంబరు పెట్టండి. అప్పుడు ఎయిర్‌ట్యాగ్‌ను ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఏ ఫోన్‌కు తాకించినా మీ సందేశం కనిపిస్తుంది. ఐఫోన్ వాడేవాళ్లు ఐఓఎస్ 18.2 నుంచి, పోయిన వస్తువు లొకేషన్‌ను ఒక లింక్‌గా వేరేవాళ్లకు పంపొచ్చు. ఆ లింక్ వారం రోజుల్లో దానంతటదే ఆగిపోతుంది. విమాన సంస్థల కోసం తెచ్చిన ఈ సదుపాయం కస్టమర్ కేర్‌కు పంపడానికీ బాగుంటుంది.

ఇన్ని చెప్పాక కూడా అసలు సమస్య అక్కడే ఉంది. మా బావకు లొకేషన్ తెలియక కాదు. వస్తువు ఎక్కడుందో సీటుతో సహా తెలుసు. ట్యాగ్ "ఎక్కడ" అన్నదే చెప్తుంది, తలుపు తీయదు. తలుపు తీసే అధికారం ఉన్నవాళ్లకు తీయాల్సిన గడువు ఏదీ లేదు.

సంచి తెచ్చుకున్నా వదిలేసి వచ్చేది ఒకటుంది

విలువైనవి అంటే బంగారం, ఫోను మాత్రమే కాదు. కారు స్క్రీన్‌కు బ్లూటూత్‌తో ఫోన్ కలపగానే చాలా కార్లు "కాంటాక్ట్‌లు తీసుకోనా?" అని అడుగుతాయి. పాట వినాలన్న తొందరలో సరే అంటాం. పేర్లు, నంబర్లు, కాల్ లిస్టు, నావిగేషన్‌లో కొట్టిన ఇంటి అడ్రసు కారులో మిగిలిపోవచ్చు. అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లోనే అద్దె కార్ల విషయంలో దీని గురించి హెచ్చరించింది. 2017లో ప్రైవసీ ఇంటర్నేషనల్ సంస్థ అద్దె కార్లను పరిశీలించి, ముందు వాడినవాళ్ల ఫోన్ల పేర్లు, వాళ్లు వెళ్లిన చోట్లు కనిపించాయని నివేదిక ఇచ్చింది.

కాబట్టి చార్జింగ్ కోసం కారు యూఎస్‌బీకి బదులు మీ సొంత అడాప్టర్ వాడండి. తిరిగి ఇచ్చే ముందు కారు స్క్రీన్‌లోని బ్లూటూత్ లిస్టులో మీ ఫోన్ పేరు తీసేయండి. మీ ఫోన్‌లో కారును "ఫర్గెట్" చేస్తే సరిపోదు, కారులోనూ తీసేయాలి.

చట్టం ఏమంటోంది?

"మేము బాధ్యులం కాము" అని రాసేస్తే కథ ముగిసిందని కంపెనీలు అనుకుంటాయి, మనమూ అనుకుంటాం. అంత తేలిక కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, వేరేవాళ్ల వస్తువు దొరికి దాన్ని తన దగ్గర పెట్టుకున్న మనిషికి, నమ్మి అప్పగించిన వస్తువును కాపాడాల్సిన వాడికుండే బాధ్యతే ఉంటుంది. తన సొంత వస్తువును తెలివైన మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువు ఎవరిదో తెలిసీ, లేదా తెలుసుకునే మార్గం ఉండీ సొంతానికి వాడుకోవడం నేరం. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా, జరిమానా అదనం.

"తెలుసుకునే మార్గం ఉండీ" అన్న మాట మీద ఆగండి. రోడ్డు మీద దొరికిన పర్సుకు యజమాని ఎవరో తెలియకపోవచ్చు. అద్దె కారు సీటు కింద దొరికిన సంచి ఎవరిదో కనుక్కోవడానికి బుకింగ్ లిస్టు చాలు. క్లీనింగ్‌కు వచ్చిన అబ్బాయికైనా, తర్వాత ఎక్కిన కస్టమర్‌కైనా ఒక్క ఫోన్ కాల్ దూరం. ఈ ముక్కను ప్రతి అద్దె యాప్ తన స్క్రీన్ మీద తెలుగులో రాసి పెడితే సగం వస్తువులు వెనక్కి వస్తాయని నా నమ్మకం.

సేవలో లోపం అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరు కట్టిన అద్దె ఐదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న చోటి కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉందని భయపడనక్కర్లేదు.

కంపెనీల వైపు నుంచి కూడా చూద్దాం

వాళ్ల వాదనలోనూ కొంత న్యాయం ఉంది. లోపల లక్ష రూపాయలు పెట్టాను అని ఎవరైనా అబద్ధం చెప్తే? నిజమో కాదో ఎలా తేలుతుంది? కొన్ని యాప్‌లలో కారు కంపెనీది కూడా కాదు, మనలాంటి ఒక ఓనర్‌ది, తాళం ఆయన దగ్గర ఉంటుంది. అడిగిన ప్రతివాడికీ అర్ధరాత్రి కారు తెరిస్తే అదీ ప్రమాదమే.

ఒప్పుకుంటాను. కానీ ఈ భయాలన్నీ తీర్చేది కూడా లోపలి వీడియోనే. ట్రిప్ ముగిసే ముందు సీట్లు, సీట్ల కింద, డాష్‌బోర్డు అర, డిక్కీ వీడియో తీసి అప్‌లోడ్ చేస్తే అబద్ధపు క్లెయిమ్ నిలబడదు, నిజమైన క్లెయిమ్ పడిపోదు. గీతల కోసం ఎనిమిది ఫొటోలు అడిగే యాప్‌కు ఇంకో ముప్పై సెకన్లు బరువేం కాదు.

నేను అడిగేది నాలుగే. ఒకటి, ట్రిప్ ముగింపులో లోపలి వీడియో తప్పనిసరి చేయాలి. రెండు, ట్రిప్ ముగిశాక తర్వాతి బుకింగ్ మొదలవకపోతే, కారు పక్కనే ఉన్న పాత కస్టమర్‌కు ఒక గంట దాకా వీడియో కాల్ పర్యవేక్షణలో తలుపు తెరిచే ఏర్పాటు ఉండాలి. మూడు, వస్తువు పోయిందని టికెట్ పడితే, కారులో ఎవరో ఒకరు వెతికి జవాబు ఇచ్చేదాకా తర్వాతి బుకింగ్‌కు కారు ఇవ్వకూడదు. నాలుగు, దొరికిన వస్తువుల రిజిస్టర్ ఉండాలి, దాని నంబరు కస్టమర్‌కు ఇవ్వాలి. ఇందులో ఏదీ కొత్త టెక్నాలజీ కాదు. అద్దె బాకీ ఉంటే కారును దూరం నుంచే ఆపగలిగినవాళ్లకు, దూరం నుంచి ఒక తలుపు తీయడం చేతకాదంటే నమ్మలేం.

అప్పటిదాకా మనం చేసుకోవాల్సింది

ట్రిప్ ముగించు నొక్కే ముందు అందర్నీ దించి, నాలుగు తలుపులూ డిక్కీ తెరిచి, మీ ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి. యాప్ అడగకపోయినా తీయండి. సీటును పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు జరిపి కింద చూడండి. వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడ్ మీద నల్ల కవరున్న ఫోన్ చీకట్లో కనపడదు, చేత్తో తడిమి చూడండి.

ఏదైనా ఉండిపోయిందని తెలిస్తే ముందు యాప్‌లోనే చాట్ రూపంలో రాయండి, టైమ్ రికార్డు అవుతుంది. తర్వాత ఫోన్ చేయండి. పోయింది ఫోన్ అయితే, స్క్రీన్ లాక్ ఉన్నట్లయితే సిమ్ బ్లాక్ చేయించే ముందు ఒకసారి ఫైండ్ హబ్‌లో గానీ ఫైండ్ మైలో గానీ లొకేషన్ చూసి, లాస్ట్ మోడ్ పెట్టండి. సిమ్ ఆగితే మొబైల్ డేటా కూడా ఆగిపోతుంది. స్క్రీన్ లాక్ లేకపోతే మాత్రం ఆలోచించకండి, ముందు సిమ్, యూపీఐ ఆపించండి. ఆ తర్వాత పోలీసు ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. తెలంగాణ పోలీసులు ఈ పోర్టల్‌తో వేల ఫోన్లు వెతికి ఇచ్చారు. *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబరును ఈరోజే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. ఫోన్ పోయాక ఆ ఫోన్‌లో వెతకలేం కదా.

బంగారానికి ఐఎంఈఐ లేదు. 2021 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ వస్తోంది. అది రాసి ఉన్న బిల్లు దాచుకుంటే నగ మీదేనని చూపడానికి పనికొస్తుంది. పాత నగలకు అదీ ఉండదు, కనీసం దగ్గర్నుంచి తీసిన ఫొటో పెట్టుకోండి. ఇక పెద్దవాళ్ల ఫోన్లలో ఉన్న గొంతులు, ఫొటోలు ఏ కోడ్‌తోనూ వెనక్కి రావు. వాట్సాప్ బ్యాకప్ ఆన్‌లో ఉందా లేదా ఈ ఆదివారం మీ అమ్మానాన్నల ఫోన్ తీసుకొని మీరే చూడండి.

కొత్త అద్దె యాప్ ఇన్‌స్టాల్ చేస్తే కిలోమీటరుకు ఎంత, డిపాజిట్ ఎంత అని పోల్చి చూస్తాం. ఇకమీద ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం: నా వస్తువు మీ కారులో ఉండిపోతే ఎన్ని నిమిషాల్లో తలుపు తీస్తారు? బుక్ చేసే ముందే చాట్‌లో ఇది అడిగి, వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. జవాబు రాకపోతే అదీ ఒక రేటింగే.